ఆర్కిటెక్చర్‌లో రోబోటిక్స్: మైనారిటీ పిల్లలకి విడిగా క్లాస్ అవసరమా?

గీతలపిచ్చి: అమెరికాలో మా ఆర్కిటెక్చర్ స్కూల్లో నల్లజాతి, లాటినో స్టూడెంట్స్‌కి విడిగా రోబోటిక్స్ కోర్సు పెడదామంటున్నారు. మీరేమంటారు?

పాతఇటుక: దండగ. ముందు సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గియ్యడం, గోడ ఎలా నిలబడుతుందో తెలియడం ముఖ్యం. ఇరవై ఏళ్ళ ప్రాక్టీస్‌లో ఏ ఆఫీసులోనూ రోబో చెయ్యి చూళ్ళేదు నేను.

ఆరోకీలు: మీరు చూడకపోతే లేనట్టా అండీ? జూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీలో గ్రమాజియో, కోలర్ అనే ఆర్కిటెక్టులు 2005లోనే ల్యాబ్ పెట్టి తర్వాతేడాదే గాంటెన్‌బైన్ వైనరీ గోడకి రోబోతో ఇటుకలు పేర్పించారు, ఒక్కో ఇటుకా ఒక్కో కోణంలో.

పాతఇటుక: మేస్త్రీ కూడా పేరుస్తాడు.

ఆరోకీలు: 20,000 ఇటుకలు, కోణం తప్పకుండా?

నిద్రపట్టదు: అడిగింది ఇటుకల లెక్క కాదు బాబోయ్ 😀

పాతఇటుక: సరే, సిమ్యులేషన్ చాలదా? గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, రోబో కదలికలు చూపించే కూకా పీఆర్‌సీ ప్లగిన్ వేసుకుంటే ల్యాప్‌టాప్‌లోనే అన్నీ కదుల్తాయి.

ఆరోకీలు: స్క్రీన్ మీద గ్రిప్పర్‌లోంచి, అంటే రోబో పట్టులోంచి, ఇటుక జారి పడదు కదా. మా రోబోటిక్స్ ల్యాబ్ టీమ్‌లో నలుగురం, టీచ్ పెండెంట్ (రోబోని నడిపే రిమోట్ లాంటిది) మాత్రం ఎప్పుడూ ఒకడి చేతిలోనే, వాడు హైస్కూల్లోనే రోబోటిక్స్ క్లబ్‌లో ఉన్నాడట, నేను పక్కన నించుని కోఆర్డినేట్లు రాసుకునేదాన్ని. పెండెంట్ వెనకాల స్విచ్ ఉంటుంది, సగం నొక్కి పట్టుకుంటేనే చెయ్యి కదులుతుంది, వదిలేసినా గట్టిగా నొక్కేసినా ఆగిపోతుంది. ఆ సగం ఎంతో వేలికే తెలియాలి. నాకు సెమిస్టర్ ఆఖరి రోజు, అందరూ వెళ్ళిపోయాక తెలిసింది. టీ1 మోడ్‌లో, అంటే నెమ్మదిగా నడిపి చూసుకునే మోడ్‌లో, సెకనుకి 250 మిల్లీమీటర్లు దాటదు, అయినా గుండె దడదడే.

నిద్రపట్టదు: మన దేశంవాళ్ళు అక్కడ ఆ మైనారిటీ లెక్కలోకి రారు కదండీ.

ఆరోకీలు: రాం. అందుకే అంటున్నా, నాకే అలా ఉంటే వాళ్ళకెలా ఉంటుందీ అని. ఎంఐటీలో నల్లజాతి విద్యార్థి రాబర్ట్ టేలర్ ఆర్కిటెక్చర్ పూర్తి చేసింది 1892లో, ఇన్నేళ్ళయినా అమెరికాలో లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్టుల్లో నల్లజాతివాళ్ళు రెండు శాతం దగ్గరే.

పాతఇటుక: నేనూ తెల్లవాళ్ళ మధ్యే నెగ్గుకొచ్చా, నాకెవరు పెట్టారమ్మా విడిగా క్లాసు?

ఆరోకీలు: అంటే మీ కోపం రోబో మీద కాదన్నమాట.

పాతఇటుక: కాదు! నాకూ పెట్టారు, ఇప్పుడు చెప్తున్నా. మొదటి సెమిస్టర్‌లో నన్ను ఇంగ్లీష్ స్పెషల్ క్లాసుకి తోలారు, ఆ తర్వాత ప్రతి రివ్యూలో నా మోడల్ చూడకముందే నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మాట్లాడేవాళ్ళు. ఆ ముద్ర ఇంకెవరికీ వద్దు.

గీతలపిచ్చి: మరి అందరికీ ఒకే క్లాస్ పెట్టి, పెండెంట్ ఎవరికెంత సేపో లిస్టు రాస్తే?

ఆరోకీలు: మా ల్యాబ్ గోడకీ ఉండేది లిస్టు. అందులో నా పేరు ఐదు సార్లుంది.