అచ్చు పాతది, తయారీ 1945 తర్వాతది: జర్మన్ నేవీ బాకు ఒరని అసలుదనొచ్చా?

హ్యూస్టన్_కిరణ్:
ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో జర్మన్ నేవీ బాకు ఒకటి చూశాను. 1938 మోడల్, పిడి తల మీద డేగ. ఒర ఇత్తడిది. ఒంటి మీద పిడుగు మెరుపు ఆకారంలో గీతలు, రింగులు తగిలించే రెండు పట్టీల మీద ఓక్ ఆకులు. అమ్మేవాళ్ళు "మా తాత యుద్ధం నుంచి తెచ్చాడు" అంటున్నారు. తెలిసినాయన ఒకరు ఫోటోలు చూసి, "ఒర జర్మనీలో కత్తులు చేసే ఊరు సోలింగెన్‌దే గానీ యుద్ధం తర్వాతది. లోహాన్ని నొక్కే పాత అచ్చుల మీద చేసిందే కదా, అసలు కిందే లెక్క" అన్నారు. ఒప్పుకోవచ్చా?

ఇత్తడిపని:
ఒప్పుకోవద్దు కిరణ్ గారూ. జర్మనీ లొంగిపోయింది 1945 మే నెలలో. ఆ తర్వాత చేసిన ఒరని ఆ యుద్ధకాలపు నేవీ అధికారి ఎవరూ నడుముకి కట్టలేదు, కట్టడానికి ఆ నేవీయే లేదు. అచ్చు వయసు వేరు, వస్తువు వయసు వేరు. యుద్ధం తర్వాత సోలింగెన్‌లో మిగిలిన విడిభాగాలు జ్ఞాపికలుగా అమ్ముడుపోయాయి. పాత అచ్చుల మీద కొత్తవీ తీశారు. వాటికీ ధర ఉంటుంది, కాదనను. కానీ "యుద్ధకాలపుది" అని చెప్పి అమ్మితే మాత్రం అది మోసమే.

పాతసామాన్లు:
అంత ఖరాఖండిగా చెప్పకండి గురువుగారూ. కంపెనీ ముద్ర కత్తి మీద ఉంటుంది, మామూలుగా ఒర మీద ఉండదు. తేదీ అసలే ఉండదు. 1943లో నొక్కిన భాగాన్ని 1950ల్లో కూర్చారనుకోండి. లోహం యుద్ధకాలపుదే, ఆకారం యుద్ధకాలపుదే. దేన్ని బట్టి కాదంటారు?

ఇత్తడిపని:
మంచి ప్రశ్న. తేదీ లేదు కాబట్టే వాడకం చూడాలి. బాకుని రెండు పట్టెడలతో ఎడమ తుంటికి వేలాడదీసేవారు. నడిచినప్పుడల్లా ఒర వెనకవైపు కోటుకి రాసుకుంటుంది. అసలుదానిలో బంగారు పూత ముందు అరిగేది ఆ వెనకవైపు ఎత్తుల మీద. ఆకుల మధ్య పల్లాల్లో పూత నిలిచే ఉంటుంది. భూతద్దం పెట్టి రింగు వేలాడే కొక్కెం లోపలి అంచు చూడండి. ఏళ్ళ తరబడి వేలాడిన రింగు అక్కడ సన్నటి గాడి చేస్తుంది. రింగు లోపలి అంచు కూడా సరిగ్గా ఆ చోటే అరుగుతుంది. రెండూ ఒకదానికొకటి అతకాలి. మందు పూసి నల్లబరిచిన ఒరలో నలుపు అంతటా ఒకేలా పరుచుకుంటుంది, కొక్కెంలో గాడి ఉండదు.

ఇక ఒర మూతి దగ్గర చిన్న మరలు విప్పితే లోపల కత్తిని పట్టి ఉంచే పలకలు బయటికొస్తాయి. కత్తి తీసి పెట్టినప్పుడల్లా అవి దాని మీద నిలువుగా గీతలు పెడతాయి. ఆ గీతలు పలకలతో కలవకపోతే ఈ ఒర ఈ కత్తిది కాదు.

డ్యూసెల్‌డార్ఫ్_లక్ష్మి:
ఒక్క మాట. కత్తికీ ఒరకీ కలవకపోయినా నకిలీ కానక్కర్లేదు. కైజర్ (జర్మన్ చక్రవర్తి) నేవీ కాలం నుంచీ మెరుపు గీతల ఒరలున్నాయి. 1938లో పిడి తల మీది మంటలు ఎగసే గోళం బొమ్మ పోయి డేగ వచ్చింది. అప్పుడు చాలామంది పాత అధికారులు ఆ తల ఒక్కటే మార్పించుకున్నారు. పాత ఒర అలాగే ఉండిపోయింది. స్వస్తిక డేగ కాళ్ళ కింద ఉంటుంది, ఒర మీద ఉండదు. అందుకే యుద్ధం తర్వాత ఒరని ఎక్కడైనా ఇబ్బంది లేకుండా అమ్మగలిగారు. ఇక్కడ జర్మనీలో ఆ గుర్తుని బహిరంగంగా పెట్టడం క్రిమినల్ కోడ్ 86ఏ కింద నేరం. చరిత్ర, పరిశోధన, బోధన లాంటి వాటికే మినహాయింపు.

ఇత్తడిపని:
లక్ష్మి గారు చెప్పింది ముఖ్యం. ఒరకంటే కత్తి కొత్తదైనా పర్లేదు, కత్తికంటే ఒర కొత్తదైతేనే చిక్కు. పోత పోసిన నకిలీలు తేలిగ్గా దొరికిపోతాయి. ఓక్ కాయల మీది గళ్ళు సబ్బుబిళ్ళ అరిగినట్టు మొద్దుగా ఉంటాయి, పల్లాల్లో సూదిమొన గుంటలు కనిపిస్తాయి. అసలు అచ్చు మీద నొక్కినవాటి దగ్గర ఆ పప్పులుడకవు. అక్కడ వాడకపు ఆనవాళ్ళే గతి.

పాతసామాన్లు:
మరి అధికారి కొని పెట్టెలో పెట్టి ఒక్కసారీ కట్టని ఒర సంగతి? ఎక్కువమంది సొంత డబ్బుతో కొనుక్కున్నవే కదా. కొత్తదానిలా ఉన్నంత మాత్రాన యుద్ధం తర్వాతదైపోదు.

ఇత్తడిపని:
అవదు. అలాంటిదాన్ని ఒర ఒక్కటీ చూసి నేను తేల్చను. పిడి చూస్తాను. యుద్ధకాలపు తెల్ల పిడి చాలావరకు సెల్యులాయిడ్, వయసుతో పసుపు తిరుగుతుంది. పిడి పసుపెక్కి, దానికి చుట్టిన తీగ మసకబారి, ఒర ఒక్కటే నిన్న షోరూం నుంచి వచ్చినట్టుంటే యుద్ధకాలపు ధర ఇవ్వను. అన్నీ సమానంగా ముదిరి ఉంటే ఇస్తాను. సందేహం ఉన్నప్పుడు దాన్ని రుజువు చేయాల్సింది అమ్మేవాడు. కొనేవాడి మీద పెట్టొద్దు.

పాతసామాన్లు:
ధర విషయంలో మీతో ఏకీభవిస్తాను. పేరు విషయంలో కాదు. యుద్ధకాలపు భాగాలతో తర్వాత కూర్చినదాన్ని "నకిలీ" అనడం అన్యాయం. "తర్వాత కూర్చినది" అని రాసి అమ్మాలి.

ఇత్తడిపని:
అలా రాసి అమ్మితే నాకు అభ్యంతరమే లేదు. ఇప్పటిదాకా చూసిన ప్రకటనల్లో అలా రాసినవాళ్ళే తక్కువ. కిరణ్ గారూ, డబ్బు కట్టకముందే రెండు కొక్కేల లోపలివైపు, పట్టీల వెనకవైపు, మూతి మరల గాడులు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి. మరలు విప్పమని మాత్రం అమ్మేవాళ్ళనే అడగండి, మీరు ముట్టుకోకండి. గాడి చెడితే విలువ పోతుంది.