రెండో బేస్‌లో ఆడే పిల్లవాడికి ఏ గ్లోవ్ కొనాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఈ మధ్యే వచ్చాము. మా అబ్బాయికి పదేళ్లు. బేస్‌బాల్ జట్టులో చేర్చాము, సెకండ్ బేస్‌లో, అంటే పరుగెత్తేవారు తాకాల్సిన రెండో మజిలీ దగ్గర, ఆడిస్తానని కోచ్ అన్నారు. పెద్ద గ్లోవ్ అయితే బంతి సులువుగా దొరుకుతుంది, రెండు మూడేళ్లు పనికొస్తుంది కదా అని 12 అంగుళాలది చూశాను. పెద్ద ఆటగాళ్లు దేన్ని చూసి ఎంచుకుంటారో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ప్లేనో): ఆగండి, 12 వద్దు. క్యాచ్ పడితే వికెట్ పడినట్టే అనుకుంటూ పెరిగాము మనం. సెకండ్ బేస్‌లో అసలు పని బంతి చేతికి అందాకే మొదలవుతుంది. అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో బంతిని కొట్టినవాడు 90 అడుగులు పరుగెత్తి మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆలోపు నేలమీద దూకుతూ వచ్చే బంతిని ఆపి, గ్లోవ్‌లోంచి తీసి, మొదటి బేస్‌కు విసరాలి, అప్పుడే అతను ఔట్. డబుల్ ప్లేలో, అంటే ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేసేటప్పుడు అయితే ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. గ్లోవ్ గుంట లోతుగా ఉంటే వేళ్లు బంతిని వెతుక్కుంటాయి, ఈలోగా పరుగెత్తేవాడు బేస్ దాటేస్తాడు.

అందుకే నిబంధనలు 13 అంగుళాల వరకు ఒప్పుకున్నా, సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడేవాడు) ఆటగాళ్లు ఎక్కువగా 11.25, 11.5 అంగుళాల దగ్గరే ఉంటారు. బోస్టన్ జట్టు మాజీ సెకండ్ బేస్‌మన్ డస్టిన్ పెడ్రోయా పేరిట విల్సన్ కంపెనీ చేసిన గ్లోవ్ 11.5 అంగుళాలు, చిన్న చేతులకు సరిపడేలా కుట్టినది. థర్డ్ బేస్‌కు బంతి తూటాలా వస్తుంది కనుక అక్కడివారు 11.75, 12 వాడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వెబ్ కూడా చూస్తారు. ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గర ఆడేవారు) చాలామంది ఖాళీలున్న వెబ్ కోరుకుంటారు, మట్టి అందులో నిలవదు. పిచర్లు (బ్యాటర్‌కు బంతి విసిరేవారు) మూసిన వెబ్ వాడేది బంతిని ఎలా పట్టుకున్నారో బ్యాటర్‌కు కనబడకుండా ఉండేందుకు.

అయితే పెద్ద ఆటగాళ్లు వాడే తోలు మీ వాడికి వద్దు. ఆ గట్టి తోలును సుత్తితో కొట్టి, గంటలకొద్దీ బంతులు పట్టి దారికి తెచ్చుకుంటారు. పదేళ్ల చెయ్యి దాన్ని మూయలేదు. 10.75 నుంచి 11.25 లోపు మెత్తటిది చూడండి. దుకాణంలోనే తొడిగించి, ఇంకో చేతి సాయం లేకుండా మూయమనండి. మూయలేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ): అన్నగారు ఒకటి మరిచారు. గ్లోవ్ విసరని చేతికి తొడుగుతారు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతి గ్లోవ్ కావాలి. బాబు ఎడమచేత్తో విసిరితే మాత్రం కోచ్‌తో మళ్లీ మాట్లాడండి. మొదటి బేస్ వైపు విసరడానికి ఒళ్లంతా తిప్పుకోవాలి కనుక ఎడమచేతివారిని సెకండ్ బేస్‌లో సాధారణంగా ఆడించరు.

ప్రశ్న (ఫ్రిస్కో): కుడిచేతివాడేనండీ. వాడిన గ్లోవ్ కొంటే తప్పా?

జవాబు (ప్లేనో): తప్పేమీ లేదు, మెత్తబడి ఉంటుంది కనుక మేలు కూడా. తోలు తాళ్లు తెగకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఓవెన్‌లో పెట్టి మెత్తబరచమని ఎవరైనా చెబితే వినకండి, తోలు పాడవుతుంది. మా చిన్నవాడి 11 అంగుళాలది అటక మీద ఉంది. శనివారం మీ వాడిని తీసుకురండి, సరిపోతే పట్టుకెళ్లండి.