అత్తగారి వంశం 1630ల దాకా వెళ్తుందంటున్నారు, నేను 1850 దగ్గర ఆగిపోయాను

ఒహాయో కోడలు:
అందరికీ నమస్తే. మాది తెనాలి, మా ఆయన అమెరికన్. వాళ్ల పూర్వీకుడు ఒకాయన 1630ల్లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి మాసచూసెట్స్ వచ్చాడని మా అత్తగారి నాన్న రాసిపెట్టిన కాగితం ఒకటుంది. అత్తగారికి ఇప్పుడు 84, అది నిజమో కాదో చూసిపెట్టమని నన్ను అడిగారు. జనాభా లెక్కలు పట్టుకుని ఒక్కో తరం వెనక్కి వెళ్తే 1850లో ఒహాయోలో 62 ఏళ్ల రైతు దగ్గర ఆగాను, పుట్టింది మాసచూసెట్స్ అని ఉంది. 1840 లెక్కల్లో ఇంటి పెద్ద పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు, పైగా అదే పేరుతో చుట్టుపక్కల ముగ్గురున్నారు. ఆన్‌లైన్ వంశవృక్షాలు నాలుగు చూస్తే తండ్రి పేరు నాలుగు రకాలుగా ఉంది, ఒకదాంట్లో తల్లికి తొమ్మిదేళ్లప్పుడే కొడుకు పుట్టినట్టు రాశారు. ఇక్కణ్ణుంచి ఎలా వెళ్లాలి?

పాత దస్తావేజులు:
ఓడ సంగతి ఇప్పటికి పక్కన పెట్టండమ్మా. 1630 నుంచి ముందుకు వస్తే ఆ ఇంటిపేరున్న ప్రతివాడూ మీవాడే అనిపిస్తాడు. మీ రైతు పుట్టింది 1788 ప్రాంతంలో, అంటే తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసి ఉండొచ్చు. 1840 లెక్కల్లో రెండో పేజీ చూశారా? యుద్ధం పెన్షన్ తీసుకుంటున్నవాళ్ల పేర్లు, వయసులు అక్కడ విడిగా రాశారు. పేరు దొరికితే అమెరికా ప్రభుత్వ పాత రికార్డులుండే నేషనల్ ఆర్కైవ్స్‌లో పెన్షన్ ఫైలు వెతకండి. భర్త పోయిన ఆడవాళ్లు పెళ్లికి రుజువుగా, ఇంటి బైబిల్లో పిల్లల పుట్టినరోజులు రాసుకున్న పేజీని చింపి మరీ జతచేసిన ఫైళ్లున్నాయి. ఒహాయో కౌంటీల్లో జనన మరణాలు రాయడం 1867లో మొదలైంది కాబట్టి అంతకుముందుకి కోర్టు హౌస్‌లో వీలునామాలు, భూమి కాగితాలే గతి. ఒకే పేరున్న ముగ్గుర్ని విడదీసేది పొలమే: ఎవరి సరిహద్దులో ఎవరున్నారు, అమ్మినప్పుడు భార్యగా ఎవరు ఒప్పుకున్నారు, అదంతా రాసి ఉంటుంది.

బోస్టన్ బాబాయ్:
మాసచూసెట్స్‌లో ఊరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే, అక్కడ చాలా ఊళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు 1850 దాకా అచ్చయ్యాయి. 1635 వరకు వచ్చినవాళ్ల మీద న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ వేసిన గ్రేట్ మైగ్రేషన్ సంపుటాలు ఆధారాలతో సహా ఉంటాయి. రెండు చోట్ల జాగ్రత్త. పేరు పక్కన జూనియర్ అని ఉంటే కొడుకే అనుకోకండి, ఊళ్లో అదే పేరున్న చిన్నవాడు ఎవరైనా జూనియరే. 1752కి ముందు ఇంగ్లిష్ వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, అందుకే ఫిబ్రవరి 1691/92 అని రెండేళ్లు కనిపిస్తాయి, అలాగే రాసుకోండి. తాతగారి కాగితం ఏదైనా పాత అచ్చు పుస్తకం చూసి రాశారేమో కూడా అడగండి. గుస్తావ్ అంజూ అనే ఆయన డబ్బున్న కుటుంబాలకి వంశావళులు కల్పించి అమ్మాడు, అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఒహాయో కోడలు:
రెండో పేజీ నేను చూడనేలేదండీ! మా రైతు ఇంట్లోనే 78 ఏళ్ల పెద్దావిడ పేరుంది. ఆవిడ ఫైలు కూడా దొరికింది. బైబిల్ పేజీ లేదు కానీ పిల్లల పేర్లలో మా రైతు పేరు, 1788 ఉన్నాయి, భర్త పుట్టింది మాసచూసెట్స్‌లోని వూస్టర్ కౌంటీలో అని ఉంది. సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టిందావిడ. అత్తగారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. మంగళవారం ఇద్దరం కోర్టు హౌస్‌కి వెళ్తున్నాం.