కనిపించని వాటర్‌మార్క్ వాట్సాప్‌లో నిలుస్తుందా?

ప్రశ్న: మా పోచంపల్లి చీరల ఫోటోలకు మూలన పేరు వేస్తున్నాం, ఎవరో అది కత్తిరించేసి తమ పేజీలో పెట్టుకుంటున్నారు, చాలా బాధగా ఉంది. కనిపించని వాటర్‌మార్క్, అంటే ఫోటో లోపలే కంటికి కనబడకుండా దాచే గుర్తు, పనిచేస్తుందా అండీ?

జవాబు: ఏ పద్ధతో చూసుకోండి. పిక్సెల్ (ఫోటోలోని ఒక్కో చుక్క) రంగు విలువలోని చివరి బిట్‌లో, అంటే దాని అతి చిన్న అంకెలో దాచేది వాట్సాప్ ఫోటోను జేపీఈజీగా కుదించగానే పోతుంది. ఫోటోను 8×8 పిక్సెళ్ల బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకులోని వెలుగు, రంగుల మార్పులను చెప్పే డీసీటీ విలువల్లో దాచేదైతే కుదింపును చాలావరకు తట్టుకుంటుంది, కానీ కత్తిరిస్తే బ్లాకుల వరుస తప్పుతుంది కాబట్టి గుర్తును ఫోటో అంతటా మళ్లీ మళ్లీ పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఇంకో జవాబు: కనిపించని వాటర్‌మార్క్ దొంగతనాన్ని ఆపదండీ, ఫోటో మీదేనని తర్వాత చూపించడానికే. నేనైతే పేరును కొంగు డిజైన్ మీదుగా పలచగా వేయమంటాను, ఇక్కత్ అంచులు చెదరకుండా దాన్ని చెరపడం కష్టం.

అడిగినవారు: మెటాడేటాలో, అంటే ఫోటో ఫైలులోనే ఉండే వివరాల్లో, పేరు రాస్తే?

మొదటి జవాబు ఇచ్చినవారు: వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అదీ పోతుంది. ఒరిజినల్ ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.