ఓరుగల్లు మట్టికోట 1310లో ఎలా పోయింది?

కందకం: లోపల రాతికోట, బయట మట్టికోట. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ దండు దగ్గర రాళ్లు రువ్వే మంజనీకులు ఉన్నాయి. మట్టిగోడ కూల్చడం తేలికే కదా, నెల దాకా ఎందుకు పట్టింది? ఆఖరికి లోపలికి ఎలా వచ్చారు?

బురుజుమీద: తేలికేం కాదండి. రాతిగోడకు గుండు తగిలితే రాయి పగులుతుంది, పక్క రాళ్లు కదులుతాయి. మందమైన మట్టికట్టలో గుంట పడుతుంది, అంతే. రాలిన మట్టి కూడా గోడ కాళ్ల దగ్గరే పేరుకుంటుంది. రాత్రికి రాత్రి తట్టలతో మట్టి పోసి దిమ్మిసతో కొడితే గుంట పూడుతుంది. ఈ గోడలో ఉక్కు ఈటె దిగదనీ, గుండు తగిలితే వెనక్కి ఎగిరిపడుతుందనీ అమీర్ ఖుస్రో రాశాడు. ఢిల్లీ ఆస్థాన కవి, గెలుపు గొప్పగా కనబడాలని కొంత పెంచే ఉంటాడు. అయినా అసలు సంగతి అదే.

పైగా మంజనీకుతో గోడ తెగాలంటే గుండ్లన్నీ ఒకేచోట పడాలి. గుండ్ల బరువుల్లో తేడా వస్తే ఒకటి గోడ ముందు, ఒకటి గోడ అవతల. వడిసెల తాడు మంచుకు తడిసినా గుండు వదిలే అదను మారి గురి తప్పుతుంది.

రాతిమెట్లు: వరస ఇదీ. 1310 జనవరిలో హనుమకొండ గుట్ట పట్టుకుని, అక్కడి నుంచి కోటను చూసుకున్నారు. తర్వాత చుట్టూ డేరాలు: ఒక్కో తుమన్‌కు 1200 గజాలు, మొత్తం 12,546 గజాలు. తుమన్ అంటే పేరుకు పదివేల మంది. నిజంగా అంతమంది ఉన్నారని నేననుకోను. తోటల చెట్లు నరికి డేరాల చుట్టూ కర్రకోట కట్టారు. అది వృథా పోలేదు, కాకతీయుల రాత్రిదాడిని తట్టుకున్నారు.

ఆ తర్వాత అగడ్త పూడ్చారు. గోడ మీదికి వందమంది పక్కపక్కన ఎక్కేంత వెడల్పు మట్టి ఏటవాలు కడదామనుకున్నారు గానీ రోజులు పడుతుందని ఆగకుండా, ఎత్తయిన నిచ్చెనలు చేయించి ఎగబాకారు. ఫిబ్రవరి మధ్యకల్లా మట్టికోట పోయింది.

నా లెక్కలో దాన్ని ఓడించింది దాని పొడవే. అడ్డంగా సుమారు 2.4 కి.మీ. అంటే చుట్టుకొలత ఏడున్నర కి.మీ. మీటరుకు ఒక మనిషి, రోజుకు మూడు వంతుల (షిఫ్టుల) కాపలా అనుకున్నా 22,500 మంది కావాలి. నాలుగు చోట్ల ఒకేసారి నిచ్చెన వేస్తే ఎటు పరుగెత్తుతారు?

కందకం: మరి రాతికోట ముందు ఎందుకు ఆగారు?

రాతిమెట్లు: కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి ఏటేటా కప్పం కడతానన్నాడు. కాఫూర్‌కు కావలసిందీ అదే. మార్చిలో వెనుదిరిగాడు. పైగా రాతికోటను కాయడం తేలిక: గోడ లోపలి వైపు మెట్లున్నాయి, సైనికులు ఎక్కడి నుంచైనా పైకెక్కొచ్చు. చుట్టుకొలత కూడా చిన్నది.

బురుజుమీద: ఆ రాతికోట పోయింది 1323లో. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చినప్పుడు ఢిల్లీ టపా తెగింది, సుల్తాను చనిపోయాడన్న పుకారుతో దండే చెదిరి దేవగిరికి వెనక్కి పోయింది. రెండోసారి దారిలో ముందు బీదరు కోట పట్టుకుని, వెనక దారికి కాపలా పెట్టి మరీ వచ్చాడు. టపా నడిచింది, ముట్టడి నిలిచింది.