ది బిగ్ స్లీప్ (1946) కథ ఎవరికైనా పూర్తిగా అర్థమైందా?

సెకండ్‌షో_బాబు:
రాత్రి చూశా. ప్రైవేట్ డిటెక్టివ్ ఫిలిప్ మార్లోగా హంఫ్రీ బోగార్ట్ ఇరగదీశాడు, డౌటే లేదు. కానీ గైగర్ ఎవడు, బ్రోడీ ఎవడు, ఎవడు ఎవణ్ణి బ్లాక్‌మెయిల్ చేస్తున్నాడు అని లెక్కేసుకునేలోపు ఇంకో శవం పడుతోంది. ఆ డ్రైవర్ కారుతో సహా సముద్రంలో తేలాడు కదా, వాణ్ణి చంపిందెవరు? నేనేమైనా మిస్సయ్యానా?

పాతసినిమాపిచ్చి:
మీరేం మిస్సవ్వలేదండీ 😄 తలమీద కొట్టానని బ్రోడీ ఒప్పుకుంటాడు, చంపలేదంటాడు, ఇక ఆ ఊసే ఉండదు. డైరెక్టర్ హోవర్డ్ హాక్స్ వాళ్ళకీ ఇదే డౌటొచ్చి నవల రాసిన రేమండ్ చాండ్లర్‌నే అడిగితే నాకూ తెలీదన్నాడట. దీనికి తోడు అప్పటి హాలీవుడ్ సెన్సార్ కోడ్ ఒకటి, నవల్లో గైగర్ షాపు వెనకాల నడిచేది బూతు పుస్తకాల దందా అని ఓపెన్‌గా ఉంటుంది, సినిమాలో ఆ ముక్క చెప్పలేక నసిగారు, దాంతో వీళ్ళంతా దేనికి వణుకుతున్నారో మనకి ఎక్కదు. నా దృష్టిలో అసలు మైనస్ అదే, డ్రైవర్ కాదు.

నాయర్_మామ:
క్లారిటీ కావాలంటే 1945 వెర్షన్ ఉంది, సైనికులకి మాత్రం చూపించారు, జనానికి 1997లో గానీ దొరకలేదు. అందులో డీఏ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) ఆఫీసులో కూర్చుని కేసంతా విడమరిచి చెప్పే సీన్ ఉంటుంది. కాన్ఫిడెన్షియల్ ఏజెంట్ అనే ఇంకో సినిమాలో హీరోయిన్ లారెన్ బకాల్‌ని క్రిటిక్స్ ఉతికేశారని ఈ సినిమాలో ఆమె సీన్లు పెంచి మళ్ళీ తీశారు, ఆ ఊపులో డీఏ ఆఫీసు సీన్ ఎగిరిపోయింది. రెండూ చూశా, పాతది అర్థమవుతుంది కానీ చప్పగా ఉంటుంది. గుర్రప్పందాల పేరు చెప్పి ఇద్దరూ సరసమాడుకునే సీన్ కొత్తగా తీసిందే, అది లేకుండా ఈ సినిమా ఊహించుకోలేను. పైగా దాదాపు ప్రతి సీన్లో మార్లో ఉంటాడు, ఆయనకి తెలిసిందే మనకీ తెలుస్తుంది, కాబట్టి మన అయోమయం కూడా కొంత న్యాయమే.

వరంగల్_వాలా:
బకాల్ సీన్లు మంచిగనే ఉన్నయ్ అన్నా, కానీ వాటికోసం హీరోయిన్ చెల్లె కార్మెన్‌ని పక్కకు నెట్టిన్రు. మార్తా విక్కర్స్ ఉన్న కాడికి మస్తు చేసింది. (స్పాయిలర్) కనబడకుండ పోయిన రీగన్‌ని నవల్ల చంపింది కార్మెనే, సినిమాల అదంతా జూదం క్లబ్ నడిపే ఎడ్డీ మార్స్ నెత్తిన రుద్ది వాని మనుషులతోనే వాణ్ణి కాల్పించి ఖతం చేసిన్రు. హీరో హీరోయిన్ ఒక్కటైతే చాలనుకున్నరు. ప్లాట్ అర్థం కాకున్నా నడుస్తది గానీ గా క్లైమాక్స్ మాత్రం నాకు మింగుడు పడలే.