రూట్ చేసిన ఫోన్‌లో దొరికిన ఫైల్ లోపం లోపమేనా?

పద్మజ_క్యూఏ: ల్యాబ్ రిపోర్టులు చూపించే ఒక ఆండ్రాయిడ్ యాప్‌ను టెస్ట్ చేసి, ఒకే బగ్ టికెట్‌లో రెండు విషయాలు రాశాను. ఒకటి, రిపోర్టుల పీడీఎఫ్‌లు యాప్ సొంత ఫోల్డర్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండా పడి ఉన్నాయి, ఎప్పటికీ చెరగవు. దీనికి రూట్ చేసిన (సిస్టమ్ అడ్డంకులు తీసేసి అన్ని ఫైళ్లూ చూడగలిగేలా మార్చిన) ఫోన్ స్క్రీన్‌షాట్ పెట్టాను. రెండు, ఆ యాప్ కంటెంట్ ప్రొవైడర్ (వేరే యాప్‌లకు డేటా అందించే భాగం) బయటి యాప్‌లకు తెరిచి ఉంది, ఫైల్ పేరులో ../ (పై ఫోల్డర్‌కు వెళ్లమనే గుర్తు) పెడితే తన ఫోల్డర్ దాటి వేరే ఫైళ్లు కూడా ఇచ్చేస్తోంది. డెవలపర్లు "రూట్ కావాలి, ఫిక్స్ చేయం" అని రెండింటినీ మూసేశారు. మీ దగ్గర ఇలాంటివి ఎలా తేలుస్తారు?

కిరణ్_ఆండ్రాయిడ్: సరిగ్గానే మూసేశారు. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ వేరే యూజర్ ఐడీ ఇస్తుంది, ఒకదాని ఫోల్డర్ ఇంకోదానికి కనిపించదు. రూట్ చేశాక ఆ గోడే లేదు. గోడ పడగొట్టి లోపల బీరువా కనిపిస్తోందని రాస్తే ఎలా? మా పాత కంపెనీలో యాప్ భాష తెలుగా, ఇంగ్లిషా అనే సెట్టింగ్ మామూలు టెక్స్ట్‌లో ఉందని 'హై' తీవ్రత వేశారు. రిలీజ్ 3 వారాలు ఆగింది. అప్రైజల్‌లో దెబ్బ నాకు పడింది, రాసినవాళ్లకు కాదు.

హన్మకొండ_వాసి: మాకూ ఇదే గొడవ. ఫాలో అవుతున్నా.

పద్మజ_క్యూఏ: కిరణ్ గారూ, భాష సెట్టింగ్‌కు 'హై' వేయడం తప్పే. కానీ నా రెండో పాయింట్ చూడండి, దానికి రూట్ అక్కర్లేదు. ఒక్క పర్మిషన్ కూడా అడగని చిన్న యాప్ రాసి, మామూలు ఫోన్‌లోనే లాగిన్ టోకెన్ (పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా యూజర్‌ను గుర్తుపట్టే కోడ్) ఉన్న ఫైల్‌ను చదివాను. వాళ్ల కోడ్ యూఆర్ఐ (అడిగిన ఫైల్ అడ్రస్) చివరి ముక్కను తీసుకుని నేరుగా ఫోల్డర్ పేరుకు అతికిస్తోంది. స్లాష్‌ను ఎన్‌కోడ్ చేసి పంపితే ఆ ముక్క డీకోడ్ అయి మళ్లీ ../ అవుతుంది. కెనానికల్ పాత్ (../ లాంటివి విప్పాక తేలే అసలు అడ్రస్) తీసి, అది తమ ఫోల్డర్‌లోనే ఉందా అని ఒక్కసారి చూసుకుంటే చాలు. అసలు ప్రొవైడర్‌ను బయటికి తెరవకుండా, రెడీమేడ్‌గా దొరికే ఫైల్‌ప్రొవైడర్ వాడి, పంపాల్సిన ఫైల్‌కే తాత్కాలిక అనుమతి ఇస్తే ఇంకా మేలు.

కిరణ్_ఆండ్రాయిడ్: మరి రూట్ స్క్రీన్‌షాట్ ఎందుకు పెట్టారు? అది చూశాక ఏ డెవలపరూ మిగతాది చదవడు.

వెంకట్_డల్లాస్: రూట్ లేకుండా పెద్ద పెద్దవాళ్లే దొరికిపోయారు. 2018లో ఫోర్ట్‌నైట్ ఇన్‌స్టాలర్ గేమ్ ఫైల్‌ను ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌లో (యాప్‌లన్నీ పంచుకునే చోట) దించేది. అక్కడ రాసే పర్మిషన్ ఉన్న వేరే యాప్ ఏదైనా మధ్యలో దాన్ని మార్చేయగలదని గూగుల్ కనిపెట్టింది. 2024లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన 'డర్టీ స్ట్రీమ్' కూడా మీ రెండో పాయింట్ లాంటిదే, కాకపోతే దిశ మారింది. అవతలి యాప్ పంపిన ఫైల్ పేరును నమ్మి ఇవతలి యాప్ తన ఫైళ్ల మీదే రాసేసుకుంటుంది. షావోమీ ఫైల్ మేనేజర్, డబ్ల్యూపీఎస్ ఆఫీస్ రెండింటిలోనూ ఉండేది, తర్వాత సరిచేశారు.

సుధ_ఐఓఎస్: ఐఫోన్‌లో అయితే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను ఫైల్స్ యాప్‌లో చూపించే సెట్టింగ్ ఆన్‌లో వదిలేస్తుంటారు. జైల్‌బ్రేక్ (ఐఫోన్‌లో రూట్ లాంటిది) అవసరమే లేదు.

కిరణ్_ఆండ్రాయిడ్: నేను మాట్లాడేది మొదటి పాయింట్ గురించి. ఎన్‌క్రిప్ట్ చేశారే అనుకుందాం. కీస్టోర్‌లోని (ఆండ్రాయిడ్ ఎన్‌క్రిప్షన్ కీలు దాచే చోటు) కీని బయటికి తీయలేకపోవచ్చు, కానీ రూట్ ఉన్నవాడు ఆ యాప్ లాగానే దాన్ని వాడుకోగలడు. ఏం సాధించినట్టు? కోడ్ రాయనివాళ్లకు ఇది అర్థం కాదు.

పద్మజ_క్యూఏ: యాప్ రాసి చదివానని పైనే చెప్పాను, మీరు చూడలేదు. మా నాన్న బయాప్సీ రిపోర్టు ఇలాంటి యాప్‌లోనే ఉంది. ఆయన ఫోన్ రిపేర్‌కు ఇస్తే పిన్ కూడా చెప్పి వస్తారు. రెండేళ్ల కిందటి రిపోర్టు ఇంకా ఆ ఫోన్‌లో ఎందుకుండాలి? లేని ఫైల్‌ను రూట్ ఉన్నా ఎవరూ తీయలేరు. నేను అడిగింది ఎన్‌క్రిప్షన్ ఒక్కటే కాదు, చెరపమని.

నిర్వాహకులు: వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారైతే చర్చ మూసేస్తాం.

కిరణ్_ఆండ్రాయిడ్: కోడ్ రాయనివాళ్లు అన్నందుకు సారీ. కానీ ఎన్ని రోజులు ఉంచాలనేది డెవలపర్ చేతిలో ఉండదు. నెట్ లేకపోయినా రిపోర్టు తెరుచుకోవాలని ప్రొడక్ట్ వాళ్లు రాసిస్తారు, మేం ఉంచుతాం. రేపు లీకైతే మాత్రం కమిట్‌లో (కోడ్ మార్పుల రికార్డులో) ఉన్న పేరు మాది. దానికి తోడు మీ రిపోర్టు రిలీజ్‌కు ముందురోజు సాయంత్రం వస్తుంది. ఆ టెన్షన్‌లో "రూట్ కావాలి" అని మూసేయడం తప్ప దారి ఏది?

పద్మజ_క్యూఏ: బిల్డ్ (టెస్ట్ చేయాల్సిన యాప్) మా చేతికి వచ్చేదే రెండు రోజుల ముందు. దారి లేకపోతే ఆ సంగతే టికెట్‌లో రాయండి. లోపమే లేదని రాస్తే రేపు ఎవరూ దాని జోలికి వెళ్లరు. 2023 డేటా రక్షణ చట్టంలో, భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. పడేది కంపెనీ మీద, మీ మీద కాదు.

కిరణ్_ఆండ్రాయిడ్: ప్రొవైడర్ సంగతి ఒప్పుకుంటున్నా, అది 'హై'నే. మొదటిది మాత్రం లోపం కాదు, డిజైన్ నిర్ణయం.

పద్మజ_క్యూఏ: పేరు మీరు ఏదైనా పెట్టండి, టికెట్ మాత్రం తెరిచి ఉండాలి. రేపు రెండుగా విడగొట్టి, మొదటిదాన్ని ప్రొడక్ట్ వాళ్ల పేరు మీద పెడతాను.

కిరణ్_ఆండ్రాయిడ్: సాయంత్రానికల్లా వాళ్లు దాన్ని డెవలపర్‌కే అసైన్ చేస్తారు, చూడండి.